వెనక చక్రానికి ఏ సైజు

నారాయణమూర్తి బండిని స్టాండు మీదికి లాగి, వెనక చక్రం ఊడదీసి, గచ్చు మీద పడేసి, "ఏ సైజు ఎయ్యమంటావు?" అని అడిగి చాలాసేపయింది. సోములు ఇంకా చెప్పలేదు. షాపు ముందు రేకు నీడలో పాత టైర్ల దొంతర మీద కూలబడి ఆ ఊడిన చక్రం వంకే చూస్తున్నాడు. ఇదేమైనా కలెక్టరు పరీక్షా! ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు వేయించలేదు, అరిగిన టైరు పక్కనున్న అంకెలు చదివి అదే ఇమ్మంటే అదే ఇచ్చేవారు, కిళ్ళీ నమిలి ఉమ్మేసేలోగా పని తేలిపోయేది. ఇవాళ ఆ అంకెలు నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. అలుపు ఒకటి. అలుపంటే నిన్నటిదో మొన్నటిదో అయితే బాధే లేదు, మూడేళ్ళుగా ఎముకల్లో పేరుకున్నది, పడుకుని లేస్తే తనకంటే ముందే లేచి మంచం మీద కూర్చుంటోంది. ఆ పైన నీలవేణి. ఈ వేళప్పుడు అతని భార్య సోంపేట ఆసుపత్రిలో డయాలసిస్ మిషను పక్కన పడుకుని ఉంటుంది, ఎడమ చేతికి రెండు సూదులతో, ఒక గొట్టంలోంచి రక్తం పోతూ ఇంకో గొట్టంలోంచి తిరిగి వస్తూ. మామూలుగా అయితే ఆ నాలుగు గంటలూ సోములు వరండాలో తువ్వాలు పరుచుకుని కునుకు తీసేవాడు. ఇవాళ కళ్ళు మూస్తే పొద్దున్నటి కల్వర్టు కనిపిస్తోంది, అందుకని బండేసుకుని ఇక్కడికి వచ్చేశాడు.

కల్వర్టు దగ్గర ఏం జరిగిందని? ఏమీ జరగలేదు. ఎవరూ పడలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. రోడ్డు తవ్వి కంకర పోసి గాలికొదిలేసిన చోట, నీలవేణి వెనక నుంచి భుజం తట్టి "ఆపు మావా" అంది. వాంతి వస్తోందేమోనని ఆపాడు. వాంతి కాదు. దిగి, కల్వర్టు గట్టు మీద కూర్చుని, కొబ్బరితోటల వైపు చూస్తూ, "సోమారం నుంచి నాను రాను" అంది, ఇంట్లో ఉప్పయిపోయిందని చెప్పినంత మామూలుగా. "రాకపోతే ఏటవుతాదో తెలుసా నీకు?" అన్నాడు. "తెల్దేటి? నా పక్క మంచపామె మానీసింది కదా. ఎన్నాళ్ళుందో సూసినాం కదా." "మరి?" "మరేటి లేదు. ఎముకలు కొట్టుకుంటూ ఎల్లడం, కొట్టుకుంటూ రావడం, మళ్ళా ఎల్లాల్రా దేవుడా అని పడుకోడం. ఇసుగొచ్చీసింది. ఇయ్యాళకి బయల్దేరినాం కాబట్టి వస్తన్నాను. నువ్వు తిప్పింది సాలు."  ఏడవాలో తిట్టాలో తెలియక సోములు బండి వంక చూశాడు, వెనక టైరు బోడిగుండులా నున్నగా మెరుస్తూ కనిపించింది, అంతే, "ఇదంతా టైరే! టైరు సచ్చిపోనాది, అందుకే ఇంత కుదుపు. ఇయ్యాళే మార్పించీస్తాను సూడు" అన్నాడు. నీలవేణి అతని వంక జాలిగా చూసింది. ఎవరు ఎవర్ని చూసి జాలిపడాలి! లేచి, చీర దులుపుకుని, మళ్ళీ ఎక్కి కూర్చుంది.

సోములు పిచ్చివాడేం కాదు. టైరు మారిస్తే ఒళ్ళు బాగుపడదని అతనికీ తెలుసు. కానీ మందులు తన చేతిలో లేవు, రోడ్డు తన చేతిలో లేదు, ఆవిడ మనసు పెళ్ళయిన నాడే తన చేతిలో లేదు. మిగిలింది ఈ డొక్కు బండి. కుదుపు తగ్గితే సోమవారం వస్తుందేమో. వస్తుందేమో అన్న మాటను పట్టుకుని వేలాడుతున్నాడు, చేతులు నొప్పెడుతున్నా వదలకుండా. ఇంతా చేసి ఆ కుదుపంతా అరిగిన టైరు వల్ల కూడా కాదు. అసలు కుదుపు ఆ టైరు సైజులోనే ఉంది. ఆ సంగతి సోములుకే కాదు, కవిటి నుంచి కంచిలి దాకా బండి మీద కొబ్బరికాయల మోత చేసే ప్రతివాడికీ తెలుసు. బండి కొనగానే ఇక్కడి మనుషులు చేసే మొదటి పని, కంపెనీ వాడిచ్చిన సన్న టైరు పీకి పారేసి, వెనక ఫోర్కులో ఎంత లావుది పడితే అంత లావుది బిగించడం. రాసుకుంటుందంటే మడ్‌గార్డు కడ్డీని సుత్తితో బయటికి వంచుతారు. అడ్డొస్తోందంటే చైను కవరు తీసేస్తారు. ఆడవాళ్ళ కొంగు చక్రంలో పడకుండా ఉండే కంచెని కోసి పాత ఇనప సామాన్లకి అమ్మేస్తారు, బస్తాలు అటూ ఇటూ వేలాడాలి కదా మరి. ఆ పైన గాలి, వేలితో కొడితే బండరాయిలా మోగేదాకా. మోత బండి అంటే అలా ఉండాలి. అలా లేకపోతే వీడికి పని లేదు కాబోలనుకుంటారు.

ఈ బండి కూడా అలాంటిదే, నీలవేణి తమ్ముడు ఎల్లాజీ చేతి కింద మోత బండిగా తయారైంది. తిత్లీ తుఫానుకి సోములు చెట్లు ఒక్క రాత్రిలో నేలమట్టమయ్యాయి, తెల్లారి చూస్తే తోట ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. సొంత కాయలు లేనివాడు పరాయి కాయలు మోసుకు బతకాల్సిందే కదా, అప్పుడు ఎల్లాజీ కొత్త బండి కొనుక్కుంటూ పాతది ఇతనికి అంటగట్టాడు. "రాయి బావా ఇది, నీ తరవాత కూడా ఉంటాది" అన్నాడు. నిజమే, రాయే. ఎనిమిది బస్తాల కాయలు మోస్తే కిక్కురుమనలేదు. బస్తాలు లేని రోజు అప్పుడప్పుడు నీలవేణి కూడా ఎక్కేది, శ్రీకూర్మం జాతరకో చుట్టాలింటికో, చైను గ్రీజు చీర అంచుకి అంటితే అతన్నీ తన తమ్ముణ్ణీ వాళ్ళని కన్నవాళ్ళనీ కలిపి దులిపేసేది. "ఈ బండెక్కితే నాలుగు సీరలు నలుపే" అని. ఎంత నోరో! ఊరి బావి దగ్గర నీలవేణి గొంతు లేస్తే అవతలి వీధిలో సోములుకి వినిపించేది, వినిపిస్తే అతనికి సిగ్గూ, సిగ్గు వెనక ఏదో ధైర్యం. ఆ నోరే ఇప్పుడు రోజుకి పది మాటలు మాట్లాడుతోంది. ఈ కిడ్నీ జబ్బు నీళ్ళ వల్లన్నారు, నేల వల్లన్నారు, నొప్పి బిళ్ళల వల్లన్నారు, వచ్చినవాళ్ళందరూ సీసాల్లో నీళ్ళు పట్టుకుపోయారు. తను తాగిన నీళ్ళే కదా ఆవిడా తాగింది. తనకి రానిది ఆవిడకెందుకు వచ్చింది? ఈ మాట ఎవర్నడగాలి, అడిగినా ఎవరు చెబుతారు?

"ఒరే, నిద్రపోతన్నావా?" నారాయణమూర్తి లోపల్నుంచి రెండు టైర్లు చెరో భుజానికీ తగిలించుకుని వచ్చాడు. అతను చెడ్డవాడు కాదుగానీ అమ్మకం అంటే నోరు ఊరుకోదు. "ఇదిగో, నీ పాత సైజు, మూడుంపావు పద్దెనిమిది. మోత టైరు, గళ్ళు సూడు ఎలగున్నాయో. రెండోది కంపినీ సైజు. మీద ఎనభై బై వంద అని ఉన్నాదని కంగారుపడకు, అది కొత్త లెక్క, మిల్లీమీటర్లు. పాత ఇంచీల లెక్కలో రెండుముప్పావు. ఆఖర్ని పద్దెనిమిది మాత్రం ఎందులోనైనా పద్దెనిమిదే, అది మారితే రిమ్ముకెక్కదు." రెండూ పక్కపక్కన ఆనించి నిలబెట్టాడు. ఒకటి బలిసిన పోతులా ఉంది. ఇంకోటి చూస్తే వీడెవడి కడుపు నింపుతాడని అనిపించేలా ఉంది. "ఈ మోడలుకి ముందూ ఎనకా ఒకటే సైజురా. మీవోళ్ళు పుట్టించినారు ఈ లావు యవ్వారం." మధ్యరకం ఏదైనా ఉందా అన్నాడు సోములు, రెంటికీ పనికొచ్చేది. "మూడు పద్దెనిమిది ఉంటాది గానీ నా దగ్గర లేదు, బరంపురం నుంచి రావాల. వారం పడతాది." వారం! సోమవారానికి మధ్యలో శని, ఆదివారాలు రెండే ఉన్నాయి.

అంతలో ఎల్లాజీ ఫోను. వాడికి ఎలా తెలుస్తాయో అన్నీ. "బావా, టైరు మార్పిస్తన్నావంట. సన్నది గానీ ఎయ్యించీవు, రేపు కాయల దింపున్నాది. మనూరి తోటల్లో నాలుగు రోజుల పని. నువ్వు రాకపోతే వేరే వోడికిచ్చీస్తారు, మళ్ళీ మన దగ్గరికి రాదా పని." సోములు ఊఁ అన్నాడు. "అక్కెలగున్నాది?" అన్నాడు ఎల్లాజీ, గొంతు తగ్గించి. ఉన్నాది, అన్నాడు. సోమవారం నుంచి రానంటోందని చెబుదామనుకుని ఆగిపోయాడు. చెబితే వాడు ఏడుస్తాడు, వాణ్ణి ఓదార్చే ఓపిక ఇవాళ లేదు. ఫోను పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాడు కాసేపు, అలా పట్టుకుంటే నారాయణమూర్తి మళ్ళీ అడగడని.

అవతల కూతురు రేఖ ఉంది, బరంపురంలో కాపురం, రోజూ సాయంత్రం ఫోను చేసి కారు మాట్లాడుకోండి నాన్నా, అమ్మకి కుదుపు కూడదు కదా అంటుంది. ఒకసారి మాట్లాడుకున్నారు కూడా, కారులో ఏసీ వాసనకి నీలవేణి దారంతా కక్కింది. ఆటో అయితే మరీ అన్యాయం, పదిమంది మధ్య ఇరుక్కుని ఆ ఎడమ చేతిని కాపాడుకోవడమే పెద్ద పని. సూదులు గుచ్చే నరం ఉన్న చెయ్యి, బరువు పట్టకూడదు, ఒత్తిడి తగలకూడదు, దానికి గాజులు కూడా తీసేసింది. బండి మీద పక్కకి కూర్చుంటే ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటుంది పసిపిల్లని పెట్టుకున్నట్టు, కుడిచేత్తో మాత్రం అతని భుజం పట్టుకుంటుంది. మొదట్లో ఆ పట్టు గట్టిగా ఉండేది, గోళ్ళు దిగేవి. ఇప్పుడు చెయ్యి భుజం మీద ఉందో లేదో తెలియదు. ఉందా అని మధ్యమధ్యలో తల తిప్పి చూసుకోవాల్సి వస్తోంది. వెనకెక్కినా బండి కుంగదు. పెళ్ళయిన కొత్తలో సైకిలు మీద ఎక్కించుకుంటే రోడ్డు ఎత్తెక్కే చోట దిగి నడవమనేవాడు, "మోయలేనోడివి ఎందుకు సేసుకున్నావు మరి" అని నడిరోడ్డు మీద నవ్వేది.

పొద్దున్న ఆవిడ రానంది కదా. అన్న ఆ క్షణంలో, రాకపోతే ఏటవుతాదో తెలుసా అని తను కసురుకోవడానికి ముందు, ఆ రెంటికీ మధ్య ఉన్న సందులో, సోములుకి లోపల హమ్మయ్య అనిపించింది. ఆ మాట ఇప్పుడు, ఈ టైర్ల దొంతర మీద, ఎండ కాళ్ళ మీదికి జరుగుతుంటే, మెల్లగా బయటికొచ్చింది. ఇక తెల్లారగట్ల లేవక్కర్లేదు, ఇక ఈ కంకర లేదు, ఇక ఆ వరండాలో డెట్టాలు వాసన లేదు అని ఒళ్ళు తనని అడక్కుండా అనేసుకుంది. ఛీ! మనిషన్నవాడికి రావలసిన ఆలోచనేనా? ఆవిడేమో నువ్వు తిప్పింది చాలని తన అలుపు చూసి అంది. తనేమో నిజంగానే అలిసిపోయి ఉన్నాడు. ముఖంలో కనిపించే ఉంటుంది. మూడేళ్ళుగా వెనక కూర్చుని ఆవిడ చూసేది తన వీపే కదా, వీపులోనే కనిపించి ఉంటుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, నారాయణమూర్తి చూస్తే చెమటనుకోవాలని బాగా రుద్దుకున్నాడు. ఆవిడ పోతే తను హాయిగా పడుకుంటాడా? పడుకుంటాడు, రెండు రోజులు. మూడో రోజు ఎవరి కోసం లేస్తాడు?

"సన్నదే ఎయ్యి" అన్నాడు.

నారాయణమూర్తి కిళ్ళీ పక్కకి తోసుకుని చూశాడు. "కాయలో?"

"సన్నదే ఎయ్యమన్నాను కదా."

"మళ్ళీ రెండు బస్తాలేసి పగిలిపోనాదని నా మీదకి రాకు. ఇది మనుసుల టైరు."

"మనిసికే" అన్నాడు సోములు. నారాయణమూర్తి పనిలోకి దిగాడు. పాత టైరు అంచులో ఇనప పట్టీలు దూర్చి ఒడుపుగా మెలితిప్పి పీకాడు, సబ్బునీళ్ళు రాసి కొత్తది ఎక్కించాడు, వంకర తిరిగిన మడ్‌గార్డు కడ్డీని మళ్ళీ సుత్తితో లోపలికి కొట్టాడు. చక్రం బిగించాక ఫోర్కులో రెండు పక్కలా వెలుతురు కనిపించింది. ఇన్నాళ్ళూ అక్కడ అంత చోటుందని సోములుకి తెలియదు. మూలనున్న పాత సామాన్లలో వెతికి ఓ చైను కవరు కూడా తగిలించాడు నారాయణమూర్తి, రంగు వేరే, అయినా సరిపోయింది. కాయల పని పోయినట్టే. రేపు ఎల్లాజీకి ఏం చెప్పాలో, పలాసలో జీడిపప్పు బట్టీలకి పోవాలో, అది రేపటి సంగతి, రేపు చూసుకోవచ్చు.

గాలి గొట్టం చేతిలో పట్టుకుని నారాయణమూర్తి అడిగాడు. "ఒక్కడివైతే ఇరవై ఎనిమిది, ఎనక మనిసెక్కితే నలభై. ఎంతెట్టమంటావు?"

"ఎక్కుతాది."

"ఎవులు, మీ ఆడమనిసేనా? ఎంతుంటాది బరువు?"

మొన్న మిషను ఎక్కించే ముందు కాటా మీద నిలబెట్టినప్పుడు చూశాడు సోములు. "ముప్పై ఆరు కిలోలు."

"ఓస్, ముప్పై ఆరేటి! అది బరువా?" నారాయణమూర్తికి ఏ దురుద్దేశమూ లేదు, పనివాడి లెక్క అది. "నలభై ఎడితే రాయిలాగుంటాది, ఎముకలు కదిలిపోతాయి ఆమెకి. ఒక్కడికెట్టే గాలే ఎట్టీస్తాను. ఎనక ఎవులూ లేరనుకో. మెత్తగా ఎల్తాది."

మంచి మాటే చెప్పాడు. సోములు పొద్దుట్నుంచీ వెతుకుతున్నది అదే కదా, మెత్తదనం. సరే అంటే సరిపోతుంది. కానీ ఎవరూ లేరనుకో అన్న మాట చెవిలో పడి అక్కడే ఉండిపోయింది, దానికి సరే అని ఎలా అంటాడు, నోట్లో నాలుక ఉన్నవాడెవడైనా? "ఇద్దరికీ ఎట్టు" అన్నాడు. "ఒరే, సెప్తే ఇనవేటి..." "ఇద్దరం ఎల్తాం. ఇద్దరికీ ఎట్టు." నారాయణమూర్తి భుజాలెగరేసి నలభై పెట్టాడు.

ఆసుపత్రి గోడ నీడలో బండి ఆపి, సోములు వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అటూ ఇటూ చూశాడు. వాల్వు మూత విప్పి, వేపపుల్ల విరిచి, దాని మొనతో లోపల పిన్ను నొక్కాడు. బుస్సుమంది. ఆపి, బొటనవేలితో టైరు ఒత్తి చూసి, మళ్ళీ నొక్కాడు. నోటితో చెప్పలేనిది చేత్తో చేస్తున్నాడు, కొంచెం కొంచెంగా, అంతా ఒకేసారి పోతే ఏదో అయిపోతుందన్నట్టు. వేలు కాస్త దిగింది. చాలు. మూత బిగించి లేచాడు.

నీలవేణి గోడ పట్టుకుని నడిచి వచ్చింది, ఎడమ చేతికి దూది పట్టీ, ముఖం పిండి ఆరేసిన గుడ్డలా. వెనక చక్రం వంక ఒకసారి చూసింది, చైను కవరు వంక చూసింది, ఎక్కి కుడిచెయ్యి అతని భుజం మీద వేసింది. ఊరు దాటారు. కంకర మొదలయ్యాక సోములు బండిని నడిచే వేగానికి తగ్గించాడు, రాయి రాయికీ పక్కకి తప్పిస్తూ.

"ఎనక గాలి తక్కువున్నాది" అంది.

"నానే తీసినాను. కుదుపుండదని."

"సన్నటైరు."

"కంపినీ సైజు."

"కాయలో మరి?"

"మోయదు."

"ఎల్లాజీ ఊరుకుంటాడేటి?"

"ఊరుకోడు."

కల్వర్టు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆవిడ ఆపమనలేదు. కొబ్బరాకుల నీడలు రోడ్డు మీద అటూ ఇటూ ఊగుతున్నాయి. చాలాసేపయ్యాక, "సోమారం వస్తాన్లే" అంది.

 సోములు వెనక్కి తిరగలేదు, తిరిగితే ముఖం చూస్తుంది. "కుదుపు తగ్గిందేటే?" అన్నాడు.

"ఏటి తగ్గడం! ఈ రోడ్డు మీద ఏ టైరైతే ఏటి," అంది నీలవేణి. "కాయలకి పనికిరాకుండా సేసీసినావు బండిని. నాను కూడా ఎక్కకపోతే ఇంకెవుర్నెక్కించుకుంటావు దీని మీద?"